చేతులతో పోసిన ఊపిరి

1952 ఆగస్టు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో బ్లెగ్డామ్ అనే అంటువ్యాధుల ఆస్పత్రి. పోలియో సోకి ఊపిరి అందక, అక్కడ మూడు వారాల్లో యంత్రాల మీద పెట్టినవాళ్ళు 31 మంది. వాళ్ళలో 27 మంది చనిపోయారు. 19 మందైతే ఆస్పత్రిలో చేరిన మూడు రోజుల్లోపే పోయారు.

అంబులెన్సులు మాత్రం ఆగడం లేదు. రోజుకి 50 మంది దాకా కొత్తవాళ్ళు వస్తున్నారు. ఎక్కువమంది పిల్లలే. వీధిలో ఆడుకుని వచ్చిన పిల్లకి రాత్రికి ఒళ్ళు కాలిపోయేది. ఒకటి రెండు రోజుల్లో కాలు కదిలేది కాదు, ఆ తర్వాత గుటక పడేది కాదు. వెన్నుపాములో కండరాలను నడిపే నరకణాలను ఆ వైరస్ చంపేస్తుంది. చేతులూ కాళ్ళతో ఆగితే అవిటితనం మిగులుతుంది. ఛాతీకీ గొంతుకీ పాకితే ప్రాణమే పోతుంది.

అంత పెద్ద ఆస్పత్రిలో అప్పటికి ఉన్నది ఒక్క ఇనప ఊపిరితిత్తి, ఛాతీకి తొడిగే కవచం లాంటి యంత్రాలు మరో ఆరు. ఇనప ఊపిరితిత్తి అంటే మనిషి పట్టేంత పెద్ద డబ్బా. తల ఒక్కటి బయట పెట్టి, ఒళ్ళంతా లోపల ఉంచి మూసేస్తారు. డబ్బాలోని గాలిని యంత్రం లాగేసినప్పుడల్లా ఛాతీ దానంతట అదే ఉబ్బి, ముక్కులోంచి గాలి లోపలికి వస్తుంది. 1928లో అమెరికాలోని బోస్టన్‌లో ఎనిమిదేళ్ళ పాప మీద దాన్ని మొదటిసారి వాడారు. గొంతు బాగున్న రోగికి అది ప్రాణదాతే. బ్లెగ్డామ్‌కి వస్తున్న పిల్లల్లో చాలామందికి గొంతు కూడా పడిపోయింది. నోట్లో ఊరిన ఉమ్మి మింగలేరు, ఛాతీలో చేరిన కఫం దగ్గి తోయలేరు. యంత్రం గాలిని లాగినప్పుడల్లా ఆ ఉమ్మీ కఫం కూడా ఊపిరితిత్తుల్లోకి దిగేవి. పిల్లలు మంచం మీద పడుకుని, తమ ఉమ్మిలో తామే మునిగిపోయేవారు.

చివరి గంటల్లో అందరికీ ఒకే తీరు. ఒళ్ళంతా చెమటలు పట్టేవి. రక్తపోటు పెరిగేది. జ్వరం, మగత, ఆ తర్వాత ఉన్నట్టుండి కుప్పకూలడం. వైరస్ మెదడుకి ఎక్కేసింది, ఇక మన చేతుల్లో లేదు అనుకున్నారు డాక్టర్లు. రక్తపరీక్ష చేస్తే బైకార్బనేట్ బాగా ఎక్కువగా కనబడేది. రక్తంలో క్షారగుణం పెరుగుతోంది, ఎందుకో తెలియదు అని రాసుకున్నారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే చోటు ఇదే. జబ్బు గుట్టంతా వాళ్ళ చేతిలోని ఆ కాగితం మీదే ఉంది. వాళ్ళు దాన్ని తలకిందులుగా చదువుతున్నారు.

ఆస్పత్రి పెద్ద డాక్టర్ లాసెన్. ఆయన దగ్గర పనిచేసే బ్యోర్నెబో అనే వైద్యుడికి ఒక మనిషి గుర్తొచ్చాడు. అంతకుముందు ధనుర్వాతంతో బిగుసుకుపోయిన ఒక పసికందుకి ఊపిరి అందించడంలో సాయపడిన మత్తు డాక్టర్. పేరు బ్యోర్న్ ఇబ్సెన్. వయసు 36 ఏళ్ళు. బోస్టన్ వెళ్ళి మత్తువైద్యం నేర్చుకుని వచ్చినవాడు. ఆ రోజుల్లో మత్తు డాక్టరుకి ఆపరేషన్ థియేటర్ దాటి పని లేదు. వార్డులోని రోగి మంచం దగ్గరికి అతన్ని పిలిచే అలవాటే లేదు. లాసెన్ పిలిపించారు. తనకి తెలియనిది మరొకరికి తెలిసి ఉండొచ్చని ఒప్పుకోవడానికి అంత పెద్ద డాక్టరుకి ఎంత మనసుండాలో ఆలోచించండి.

ఆగస్టు 25, సోమవారం. ఇబ్సెన్ వచ్చి కేసు కాగితాలు చదివారు. చనిపోయిన నలుగురి పోస్టుమార్టం వివరాలు చూశారు. ఊపిరితిత్తులు అక్కడక్కడా ముడుచుకుపోయాయి తప్ప, గాలి పంపితే తెరుచుకునేలాగే ఉన్నాయి. అంటే ఆ పిల్లలు ఊపిరితిత్తులు పాడై చనిపోలేదు. కొలిమి తిత్తి బాగానే ఉంది, దాన్ని లాగే చెయ్యి పడిపోయింది.

ఆ బైకార్బనేట్ సంగతీ ఆయనే తేల్చారు. మనం ఊపిరితో రెండు పనులు చేస్తాం. ఆక్సిజన్ తీసుకుంటాం, కార్బన్ డయాక్సైడ్ వదిలేస్తాం. మొదటి పనికి ముక్కు దగ్గర గొట్టం పెట్టి కొంత సాయం చేయొచ్చు. ఊపిరి ఎంత పైపైన ఆడినా, ఎక్కువ ఆక్సిజన్ ఉన్న గాలి అందితే పెదవులు ఎర్రగానే ఉంటాయి. రెండో పని అలా కాదు. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలంటే ఛాతీ నిండా గాలి ఆడి తీరాలి. కండరాలు పడిపోయిన పిల్లల ఒంట్లో అది గంటగంటకీ పేరుకుపోతోంది. చెమటలకీ, పెరిగే రక్తపోటుకీ, మగతకీ అదే కారణం. రక్తంలో పెరుగుతున్నది క్షారం కాదు, ఆమ్లం. ఆ విషవాయువుని మోయడానికి శరీరం పడుతున్న పాటే కాగితం మీద బైకార్బనేట్‌గా కనబడుతోంది. పెదవులు ఎర్రగా ఉన్నాయి కదా అని డాక్టర్లు ధైర్యంగా ఉండగానే, పిల్లలు లోలోపల ఉక్కిరిబిక్కిరై పోతున్నారు.

విన్నవాళ్ళందరూ నమ్మలేదు. చేసి చూపించమన్నారు.

ఆగస్టు 27, బుధవారం. పన్నెండేళ్ళ వివి అనే అమ్మాయిని ఎంచారు. చేతులూ కాళ్ళూ నాలుగూ పడిపోయాయి. ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోయింది. జ్వరం 40 డిగ్రీల సెల్సియస్ దాటింది. ఒళ్ళు నీలంగా మారుతోంది, గొంతులో కఫం గురగురలాడుతోంది. మరికొన్ని గంటలు బతుకుతుందని ఎవరికీ ఆశ లేదు. గది నిండా డాక్టర్లు నిలబడి చూస్తున్నారు.

గొంతు దగ్గర మాత్రమే మత్తిచ్చి, శ్వాసనాళానికి రంధ్రం చేశారు. చుట్టూ గాలిబుడగ ఉన్న రబ్బరు గొట్టం లోపలికి దించారు. ఆ బుడగ ఉబ్బితే పైనుంచి ఉమ్మి లోపలికి దిగదు, కిందనుంచి గాలి పైకి తప్పించుకోదు. గొట్టం చివర రబ్బరు సంచీ. ఇబ్సెన్ దాన్ని నొక్కారు. గాలి వెళ్ళలేదు. శ్వాసనాళాలు బిగుసుకుపోయాయి. ఆ పిల్ల గాలి కోసం పెనుగులాడుతోంది, ఆ పెనుగులాటే గాలిని అడ్డుకుంటోంది. ఒక్కొక్క నిమిషం గడుస్తోంది. చూస్తున్న డాక్టర్లు ఒకరొకరే గది దాటి వెళ్ళిపోయారు. చచ్చిపోతున్న పిల్లని ఎవరు చూడగలరు?

అప్పుడు ఇబ్సెన్ చేసిన పనికి గుండె నిబ్బరం కావాలి. పెంటొథాల్ మత్తుమందు 100 మిల్లీగ్రాములు ఎక్కించారు. ఆ మందుకి అమ్మాయి ఒళ్ళు వదిలేసింది, కాస్తో కూస్తో తీసుకుంటున్న ఊపిరి కూడా ఆగింది. పెనుగులాటా ఆగింది. ఇప్పుడు సంచీ నొక్కితే ఛాతీ లేచింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ లేచింది. లోపలి కఫాన్ని పీల్చి తీశారు, మళ్ళీ గాలి నింపారు. కాసేపటికి నీలం పోయి ఒంటికి రంగొచ్చింది. చెమట ఆరింది. రక్తపోటు దిగింది. వెళ్ళిపోయిన డాక్టర్లు తిరిగి వచ్చారు.

ఇబ్సెన్ అక్కడితో ఆగలేదు. అమ్మాయిని మళ్ళీ ఛాతీ కవచం యంత్రానికి మార్చి చూపించారు. కార్బన్ డయాక్సైడ్ పెరిగింది, పాత లక్షణాలన్నీ తిరిగొచ్చాయి. మళ్ళీ చేత్తో సంచీ నొక్కితే తగ్గాయి. అంతకుమించిన రుజువు ఏం కావాలి? తర్వాతి రోజుల్లో ప్రయోగశాల అధిపతి పౌల్ ఆస్ట్రుప్ రక్తంలో ఆమ్లాన్ని నేరుగా కొలిచి, ఇబ్సెన్ మాటే నిజమని తేల్చారు. నేటి ఐసీయూల్లో రోజూ చేసే బ్లడ్ గ్యాస్ పరీక్షకి దారి వేసినవాళ్ళలో ఆయన ముఖ్యుడు.

ఒక పిల్ల బతికింది. వార్డులో పదుల మంది ఉన్నారు. ప్రతి మంచం పక్కనా ఒక మనిషి కూర్చుని రాత్రీ పగలూ సంచీ నొక్కాలి. నిమిషానికి ఇరవై సార్ల దాకా నొక్కాలి. కాసేపు మానితే ప్రాణం పోతుంది. అంతమంది మనుషులు ఎక్కడి నుంచి రావాలి?

వైద్య కళాశాల విద్యార్థులు వచ్చారు. దంతవైద్య విద్యార్థులూ వచ్చారు. ఆ కొద్ది నెలల్లో దాదాపు 1500 మంది వంతులు వేసుకుని 1,65,000 గంటలు పనిచేశారు. ఒక దశలో ఏకకాలంలో 70 మంది రోగులకి చేతులతో ఊపిరి పోశారు. పిల్లల గొంతులో గొట్టం ఉంటుంది, మాట రాదు. పెదవుల కదలికా కళ్ళ సైగలే భాష. ఒక చేత్తో సంచీ నొక్కుతూ, రెండో చేత్తో కథల పుస్తకం పట్టుకుని చదివి వినిపించేవారు. తన పిల్లకి గాలి చాలుతోందో లేదో ముఖం చూసి పట్టేయడం కొద్దిరోజుల్లోనే వచ్చేసింది వాళ్ళకి. రాత్రిళ్ళు వార్డులో దీపాలు తగ్గించేవారు. ఆ మసక వెలుతురులో నొక్కుతూ నొక్కుతూ, తాము ఊపిరి పోస్తున్న రోగి ఎప్పుడో చనిపోయారని తెల్లారాక తెలుసుకున్న విద్యార్థులున్నారు. ఇరవై ఏళ్ళ వయసు కుర్రాళ్ళు, ఆడపిల్లలు. ఇంకా చదువు పూర్తి కానివాళ్ళు. ఎంతోమంది మర్నాడు మళ్ళీ డ్యూటీకి వచ్చారు.

ఆగస్టు మొదట్లో ఊపిరి పడిపోయినవాళ్ళలో నూటికి ఎనభై మందికి పైగా చనిపోతుండేవారు. మహమ్మారి సద్దుమణిగే నాటికి అది నాలుగో వంతు దరిదాపులకి దిగింది. కొత్త మందేమీ రాలేదు. చేతులూ రబ్బరు సంచీ, వాటి వెనక ఒక సరైన ఆలోచన, అంతే.

వివి చేతులూ కాళ్ళూ తిరిగి రాలేదు. ఊపిరికి సాయమూ తప్పలేదు. అయినా ఆ పిల్ల 1971 దాకా బతికింది. 1953 డిసెంబరులో ఇబ్సెన్ కోపెన్‌హాగన్‌లోని మరో ఆస్పత్రిలో, ఊపిరి ఆడనివాళ్ళనీ ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళనీ ఒక్కచోట పెట్టి ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండే వార్డు తెరిచారు. ఈనాడు మనం ఐసీయూ అంటున్నది దాని సంతానమే. 1956లో అదే దేశంలో హెన్నింగ్ రూబెన్ అనే మత్తు డాక్టర్, హోల్గర్ హెస్సె అనే ఇంజనీరు కలిసి, నొక్కి వదిలితే దానంతట అదే గాలి నింపుకునే సంచీ చేశారు. సిలిండర్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. అదే అంబూ బ్యాగ్. గుంటూరు జనరల్ ఆస్పత్రిలోనో వరంగల్ ఎంజీఎంలోనో గాంధీలోనో ఎప్పుడైనా ఒక రాత్రి గడిపినవాళ్ళు దాన్ని చూసే ఉంటారు.

పోలియో మన దేశంలోంచి పోయింది. వైరస్ సహజంగా సోకిన చివరి కేసు 2011 జనవరి 13న బెంగాల్‌లోని హౌరాలో కనబడింది. 2014 మార్చి 27న పోలియో లేని దేశంగా గుర్తింపొచ్చింది. ఊపిరి కండరాలు పడిపోయే పిల్లలు మాత్రం ఇంకా పుడుతూనే ఉన్నారు. ఈ కథ వేల మైళ్ళ దూరంలోనో డెబ్బై ఏళ్ళ కిందటో ఉండిపోకుండా మన ఇళ్ళలోకి వచ్చేది ఇక్కడే.

ఎస్‌ఎంఏ అన్న మాట తెలుగువాళ్ళు టీవీల్లో విన్నారు. 16 కోట్ల ఇంజెక్షన్ కోసం తల్లిదండ్రులు చేతులు జోడించి వేడుకోవడం చూశారు, తోచింది పంపారు కూడా. వెన్నుపాములోని ఆ నరకణాలే, వైరస్ ఏమీ లేకుండా, ఎస్‌ఎంఎన్1 అనే జన్యువు లోపించడం వల్ల నశించిపోయే జబ్బు అది. తీవ్రమైన రకం ఆరు నెలలు నిండకముందే బయటపడుతుంది, పసిబిడ్డ మెడ నిలపలేదు, సాయం లేకుండా కూర్చోలేదు. ఇలాంటి మరో జబ్బు డుషేన్ కండరాల క్షీణత. దాదాపుగా మగపిల్లలకే వస్తుంది. నాలుగైదేళ్ళకి తరచూ పడిపోతుంటారు, నేల మీద నుంచి లేవాలంటే తొడల మీద చేతులాన్చుకుంటారు. పన్నెండేళ్ళు వచ్చేసరికి చాలామంది చక్రాల కుర్చీకి చేరతారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఊపిరి కండరాల వంతు వస్తుంది.

ఎస్‌ఎంఏ ఉన్న పసిబిడ్డని చూస్తే అమ్మమ్మలు డొక్కలు ఎగరేస్తోంది అంటారు. సరిగ్గానే చూశారు వాళ్ళు. పక్కటెముకల మధ్య కండరాలు చచ్చుబడ్డాయి, డయాఫ్రం ఒక్కటే పనిచేస్తోంది. అందుకే ఊపిరి తీసినప్పుడు పొట్ట లేస్తుంది, ఛాతీ లోపలికి కుంగుతుంది. నెలలు గడిచేకొద్దీ ఛాతీ గంట ఆకారంలోకి మారుతుంది. అలాంటి బిడ్డకి మామూలు జలుబు చేసినా చాలు. దగ్గే బలం లేదు కాబట్టి కఫం అక్కడే నిలిచి, నిమోనియాగా మారుతుంది.

డుషేన్ పిల్లాడికి ముందుగా రాత్రిళ్ళు చెడతాయి. నిద్రలో ఊపిరి ఇంకా పైపైనే ఆడుతుంది. తెల్లారి లేచేసరికి తలనొప్పి. దిండు తడిసేంత చెమట. పీడకలలు, మాటిమాటికీ మెలకువ. టిఫిన్ సయించదు, బళ్ళో కునికిపాట్లు. ఇంట్లోవాళ్ళు బెంగ అనుకుంటారు, చదువు మీద శ్రద్ధ లేదంటారు. 1952లో బ్లెగ్డామ్ వార్డులో పిల్లల నుదుటి మీద పట్టిన చెమట అదే. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందని అర్థం.

అప్పుడు జరిగిన పొరపాటే ఇప్పుడూ జరుగుతోంది. కోవిడ్ రోజుల్లో మన జనానికి ఒక పాఠం గట్టిగా ఎక్కింది. వేలికి ఆక్సీమీటర్ పెట్టు, అంకె తగ్గితే ఆక్సిజన్ పెట్టు. కోవిడ్‌కి అది సరైన పాఠమే, అక్కడ దెబ్బతిన్నది ఊపిరితిత్తి కాబట్టి. ఈ పిల్లలకి దెబ్బతిన్నది కండరం. ఆయాసంతో వచ్చిన ఎస్‌ఎంఏ బిడ్డకి, డుషేన్ కుర్రాడికి ఆక్సిజన్ గొట్టం ఒక్కటే పెట్టి కూర్చుంటే తెర మీద అంకె 99కి ఎక్కుతుంది. ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి పెరిగి, బిడ్డ మగతలోకి జారుకుంటుంది. ఆక్సిజన్ ఇవ్వకూడదని కాదు. గాలి ఆడించే సాయం లేకుండా, కార్బన్ డయాక్సైడ్ కొలవకుండా, ఆక్సిజన్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టకూడదు. ఇబ్సెన్ ఆ సోమవారం చెప్పిన మాట ఇదే.

చేయవలసిన వైద్యం ఉంది. దానికి 16 కోట్లు అక్కర్లేదు.

మొదటిది రాత్రిపూట బైపాప్. ముక్కుకి మాస్కు కట్టి, ఊపిరి లోపలికి తీసేటప్పుడు ఎక్కువ ఒత్తిడితో, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో గాలి పంపే చిన్న యంత్రం. మంచం పక్కన స్టూలు మీద పట్టేస్తుంది. గొంతుకి రంధ్రం అక్కర్లేదు. కండరాలు రాత్రంతా విశ్రాంతి తీసుకుంటాయి, పొద్దున్నే తలనొప్పి ఉండదు. పసిబిడ్డల్లోనైతే ఛాతీ కుంగిపోకుండా కూడా కాపాడుతుంది. మిషన్ పెట్టారంటే ఇక అయిపోయినట్టే అని మన ఊళ్ళలో ఒక భయం ఉంది. ఆఖరి ఘడియల్లో, ఐసీయూలో మాత్రమే వెంటిలేటర్‌ని చూడడం వల్ల వచ్చిన భయం అది. బైపాప్ పెట్టుకుని బడికీ కాలేజీకీ వెళ్ళేవాళ్ళు ఉన్నారు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ వైద్యులు తమ దగ్గర చూపించుకున్న డుషేన్ రోగుల లెక్కలన్నీ తీసి 2002లో ప్రచురించారు. 1960ల్లో వాళ్ళు సగటున 14.4 ఏళ్ళకే చనిపోయారు. 1990 తర్వాత ఇలా ఊపిరి సాయం అందుకున్నవాళ్ళ సగటు 25.3 ఏళ్ళకి చేరింది. పదకొండేళ్ళ జీవితం! ఒక తల్లి దగ్గర ఆ పదకొండేళ్ళ విలువ అడగండి.

రెండోది దగ్గు. మన దగ్గర దీన్ని అసలు వైద్యంగానే లెక్కపెట్టరు, అదే నా ఫిర్యాదు. దగ్గాలంటే ముందు ఛాతీ నిండా గాలి తీసుకోవాలి, ఆ తర్వాత పొట్ట కండరాలతో దాన్ని ఒక్కసారిగా తోయాలి. ఈ పిల్లలకి రెండూ చేతకావు. అందుకే రెండూ మనం చేసిపెట్టాలి. మాటలు అర్థమయ్యే వయసు పిల్లాడికి అంబూ బ్యాగ్‌తో నేర్పుతారు. మాస్కు పెట్టి ఒకసారి నొక్కుతారు, పిల్లాడు ఆ గాలిని వదలకుండా గొంతు బిగిస్తాడు. దాని మీద మరొకసారి, ఇంకొకసారి. ఛాతీ నిండిపోయాక చాలని కళ్ళతో చెబుతాడు. అప్పుడు మాస్కు తీసి, దగ్గమని, అదే క్షణంలో అరచేత్తో పొట్టని పైకి నొక్కుతారు. ఎక్కడో అడుగున ఉన్న గళ్ళ నోట్లోకి వస్తుంది. భోజనానికి ముందు చేయాలి, తిన్న వెంటనే చేయకూడదు. జలుబు లేని రోజుల్లో కూడా చేస్తుంటే పక్కటెముకలు బిగుసుకుపోవు. ఊపిరితిత్తికి ఎప్పుడైనా చిల్లు పడి గాలి చేరిన పిల్లలకి మాత్రం ప్రమాదం. అందుకే డాక్టర్ దగ్గరో ఫిజియోథెరపిస్టు దగ్గరో చూసి, చేతులు పెట్టి నేర్చుకుని తీరాలి.

గాలిని గొంతులో పట్టి ఉంచలేని పసివాళ్ళకి, మరీ బలహీనులకి దగ్గు యంత్రం ఉంది. మాస్కులోంచి గాలిని బలంగా నింపి, మరుక్షణమే అంత బలంగానూ లాగేస్తుంది. ఇదీ పోలియో రోజుల్లో పుట్టిన ఆలోచనే. తర్వాత గొంతుకి రంధ్రాలు చేయడం మామూలైపోయి మూలన పడింది. 1990ల్లో మళ్ళీ వెలుగు చూసింది. పన్నెండేళ్ళు దాటినవాళ్ళలో దగ్గు బలాన్ని చిన్న గొట్టంతో కొలవొచ్చు. దగ్గినప్పుడు నిమిషానికి 270 లీటర్ల వేగం రాకపోతే జలుబు రోజుల్లో సాయం కావాలి. 160 కన్నా తగ్గితే ఆ దగ్గు ఉన్నా లేనట్టే. రెండు నిమిషాల పరీక్ష అది. ఎంతమంది పిల్లలకి చేస్తున్నారు?

ఒక ముచ్చట చెప్పాలి. కాలిఫోర్నియాలోని పోలియో రోగులు కొందరు, నాలుకతో, గొంతుతో గాలిని గుటకలు గుటకలుగా మింగి ఊపిరితిత్తుల్లోకి పంపడం సొంతంగా కనిపెట్టారు. కప్ప గొంతు ఆడినట్టు ఉంటుందని దానికి కప్ప ఊపిరి అనే పేరొచ్చింది. డాక్టర్ డెయిల్ 1951లో దాన్ని వైద్యలోకానికి తెలియజేశారు. ఛాతీ కండరాలు పూర్తిగా పడిపోయినవాళ్ళు ఈ గుటకలతో కొంతసేపు యంత్రం లేకుండా ఉండగలిగారు. కరెంటు పోయినా, మాస్కు జారినా ప్రాణం నిలుపుకునే విద్య అది. డుషేన్ కుర్రాళ్ళలోనూ కొందరు నేర్చుకున్నారు. ఒళ్ళంతా కదలకపోయినా బతకాలనే పిల్లల తెలివికి నేను చేతులెత్తి మొక్కుతాను.

మందులు వద్దని ఎవరూ అనరు. ఎస్‌ఎంఏకి ఇవాళ మందులున్నాయి. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. మందు పనిచేయాలన్నా బిడ్డ ఈ చలికాలం జలుబు దాటాలి కదా. అరుదైన జబ్బులకి కేంద్రం 2021లో విధానం తెచ్చింది. మన రెండు రాష్ట్రాలకి దగ్గరగా హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థ, నిమ్స్ ఆస్పత్రి కలిసి ఆ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రంగా ఉన్నాయి. ఒక్కొక్క రోగికి 50 లక్షల దాకా సాయానికి వీలుంది. ఇంట్లో పెట్టుకునే బైపాప్, దగ్గు యంత్రం కొనడమే మధ్యతరగతి ఇంటికి తలకు మించిన భారం, కూలి చేసుకునేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. దివ్యాంగులకి మూడు చక్రాల బండి ఇస్తున్న ప్రభుత్వాలు ఈ పిల్లలకి ఊపిరి యంత్రం ఎందుకివ్వకూడదు? జిల్లాకి ఒక ఆస్పత్రిలో అయినా, అద్దెకిచ్చే పద్ధతిలో అయినా ఉంచాలి. తల్లులకి అంబూ బ్యాగ్ వాడకం నేర్పే ఫిజియోథెరపిస్టు ఒక్కరైనా జిల్లాకి ఉండాలి. 1952లో ఏ అనుభవమూ లేని 1500 మంది విద్యార్థులకి సంచీ నొక్కడం నేర్పగలిగారు. మన తల్లులకి నేర్పలేమా?

మీ ఇంట్లోనో, మీకు తెలిసిన ఇంట్లోనో ఇలాంటి పిల్లలుంటే ఈ నాలుగు మాటలు వాళ్ళకి చేరవేయండి. పొద్దుటి తలనొప్పి, రాత్రి చెమట కనబడితే నిద్రలో ఊపిరి పరీక్ష చేయించమని అడగండి. ఆక్సీమీటర్ అంకె 95 కన్నా దిగితే ముందు కఫం సంగతి చూసి, వెంటనే డాక్టరుని కలవండి. ఆస్పత్రికి బయలుదేరేటప్పుడు ఇంట్లోని బైపాప్, మాస్కు, అంబూ బ్యాగ్, పాత కాగితాలు వెంట తీసుకెళ్ళండి. అక్కడ ఆక్సిజన్ పెడుతుంటే, కార్బన్ డయాక్సైడ్ కూడా ఎంతుందో చూడమని డ్యూటీ డాక్టరుని అడగండి. మొహమాటపడకండి, మళ్ళీ అడగండి.